ఆ ఫోటోల్లో అమ్మానాన్నలు ఎందుకు కనిపించరు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పెన్సిల్వేనియాలో ఒక పాత ఇంటి సామాను అమ్ముతుంటే పిల్లల స్టూడియో ఫోటోలు నలభై దాకా ఉన్న పెట్టె కొన్నారు. 1940ల చివరి నుంచి 1960ల మధ్య వరకు తీసినవిగా కనిపిస్తున్నాయి. వేరు వేరు పిల్లలైనా అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఎందుకున్నాయని అడిగారు. ఆనాటి అమెరికా కుటుంబాలు నిజంగా అంత సంతోషంగా ఉండేవా అని అడిగారు. ఒక ఫోటోలో పాప నడుము దగ్గర కనిపిస్తున్న రెండు వేళ్లు ఎవరివని కూడా అడిగారు. ఆ వేళ్ల సంగతి చివర చెబుతాను. నా దృష్టిలో మీ పెట్టెలో అన్నిటికన్నా విలువైన ఫోటో అదే.

నేను 1984లో ఈ దేశానికి వచ్చాను. పన్నెండేళ్లు పిల్లల ఫోటోలు తీసే స్టూడియోల్లో పనిచేశాను. ఆ తరువాత ఇప్పటిదాకా పాత ఫోటోలను బాగుచేసి భద్రపరిచే పనిలోనే ఉన్నాను. నాకు పని నేర్పినవారిలో ఒక పెద్దావిడ 1950లలో నలుపు తెలుపు ఫోటోలకు చేత్తో రంగులు వేసిన మనిషి. ఇక్కడ రాస్తున్న వాటిలో చాలా సంగతులు ఆమె పక్కన కూర్చుని నేర్చుకున్నవే.

ముందు ఆ ఫోటోలన్నీ బల్ల మీద పరచి, వాటిలో ఏమేమి లేవో చూడండి. ఇల్లు లేదు, వీధి లేదు, వంటగది లేదు, కారు లేదు. అమ్మ లేదు, నాన్న లేడు. బూడిద రంగు తెరో లేత నీలం తెరో, దాని ముందు ఒక పాప, లేదా అన్నాచెల్లెళ్లిద్దరు. అంతకు ముందు తరాల స్టూడియో ఫోటోల్లో రంగులద్దిన స్తంభాలు, చెక్కిన కుర్చీలు, నిలబడిన తండ్రి, కూర్చున్న తల్లి ఉండేవారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత అవన్నీ మెల్లగా తప్పుకున్నాయి. కుటుంబ ఆదర్శానికి గుర్తుగా అందరూ చూపించే ఫోటోల్లో కుటుంబమే లేకపోవడం ఏమిటని మీకు తోచి ఉంటుంది. ఎక్కడ తీశారో, ఎలాంటి ఇంటి పిల్లో ఆ తెర చెప్పదు. ఇటుకల మేడలో పెరిగే పాపా, చక్రాల మీది రేకుల ఇంట్లో పెరిగే పాపా దాని ముందు ఒక్కలాగే ఉంటారు. ఆ ఫోటోలు అంతగా అమ్ముడుపోవడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం.

ఆ కాలం లెక్కలు కొన్ని గుర్తుచేస్తాను. 1946 నుంచి 1964 వరకు అమెరికాలో సుమారు 7.6 కోట్ల మంది పిల్లలు పుట్టారు. 1957 ఒక్క ఏడాదిలోనే 43 లక్షల మంది. 1956 నాటికి ఆడపిల్లల పెళ్లి వయసు 20 ఏళ్ల దగ్గరికి దిగింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు చదువుకూ ఇంటికీ సాయపడే చట్టం 1944లోనే వచ్చింది. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో 1947లో మొదలైన లెవిట్‌టౌన్‌లో దాదాపు ఒకే తీరులో 17 వేలకు పైగా ఇళ్లు లేచాయి. 1940లో సొంత ఇంట్లో ఉండే కుటుంబాలు నూటికి 44 ఉంటే, 1960లో 62 అయ్యాయి. సొంత ఇల్లు, కారు, టీవీ, ఉద్యోగానికి వెళ్లే తండ్రి, ఇంట్లో ఉండే తల్లి, ముగ్గురు పిల్లలు అనే బొమ్మ పత్రికల్లోనూ ప్రకటనల్లోనూ రోజూ కనిపించేది. 1959 జులైలో మాస్కోలో జరిగిన అమెరికా ప్రదర్శనలో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు నిక్సన్, సోవియట్ నేత కృశ్చేవ్‌తో వాదానికి దిగింది ఒక నమూనా వంటగది ముందు నిలబడే. అప్పటికి ఆ బొమ్మ దేశాల మధ్య పోటీకి కూడా ఆయుధమైంది.

కాని ఆ బొమ్మలోని ప్రతి వస్తువుకూ ధర ఉంది. లెవిట్ ఇల్లు 1949లో 7,990 డాలర్లు. కారు, ఫ్రిజ్, టీవీ వాయిదాల మీద కొనాలి. పిల్లవాడి ఫోటో మాత్రం ఒకటి రెండు డాలర్ల కూపనుతో మొదలయ్యేది. ఆ ఆదర్శంలో అందరికీ అందిన ముక్క అదొక్కటే. నేను పనిచేసిన చోట కొందరు తల్లులు కొత్త బట్టలు కొనే డబ్బు లేక, మా దగ్గరుండే గౌను పాపకు తొడిగి, వెనక పిన్నీసులు పెట్టి కూర్చోబెట్టేవారు. ముందు నుంచి చూస్తే ఏమీ తెలియదు.

ఆ కూపను ఎలా చేరేదో చెబితే, ఫోటోలన్నీ ఒకేలా ఎందుకున్నాయో సగం అర్థమవుతుంది. 1932లో అలబామాలో ఓలన్ మిల్స్, మేరీ అనే దంపతులు మొదలుపెట్టిన స్టూడియో వ్యాపారం తరువాత టెనెసీలోని చట్టనూగాకు మారి దేశమంతా విస్తరించింది. ఇంటింటికీ వెళ్లి, ఆ తరువాత ఫోన్లు చేసి కూపన్లు అమ్మడం వాళ్ల పద్ధతి. 1936లో మిన్నెసోటాలో 500 డాలర్లతో మొదలైన మరో సంస్థ బడుల్లో పిల్లల ఫోటోలు తీస్తూ పెరిగింది. అదే తరువాతి లైఫ్‌టచ్. ఇలాంటి చోట్ల ఫోటోగ్రాఫర్లకు నెలలు కాదు, రోజుల్లోనే పని నేర్పి పంపేవారు. అందుకే అన్నీ ముందే కొలిచి పెట్టి ఉండేవి. నేను చేరినప్పుడు కూడా నేల మీద రంగు టేపుతో గుర్తులు ఉండేవి. లైటు స్టాండుకు ఒక దారం కట్టి ఉండేది. ఆ దారం కొస పాప ముక్కు దాకా వస్తే వెలుతురు సరిపోయినట్టు. ఎవరు తీసినా, ఏ ఊళ్లో తీసినా, ఫోటో ఒకటే వచ్చేది.

భంగిమలు కూడా నెలల లెక్కన ఉండేవి. మూడో నెలలో బోర్లా పడుకుని తల ఎత్తాలి, ఏడో నెలలో కూర్చోవాలి, ఏడాదికి కుర్చీ పట్టుకుని నిలబడాలి. పిల్లలు ఏ నెలకు ఏమి చేయాలో పట్టికలు వేసి చెప్పడం అప్పటికే డాక్టర్ల దగ్గరా పత్రికల్లోనూ బాగా పాతుకుపోయింది. స్టూడియో ఆ పట్టికను అందుకుని 'మొదటి ఏడాది పథకం' కింద అమ్మింది. తన పిల్ల వెనకబడలేదని తల్లికి సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం ఫ్రేములో కట్టి టీవీ మీద పెట్టుకునేది. ఒహాయోలోని కొలంబస్‌లో 1934 నుంచి ఒక కంపెనీ పసిపిల్లల మొదటి బూట్లకు కంచు పూత పూసి ఇచ్చేది. ఫోటో ఫ్రేము పక్కనే ఆ బుల్లి బూటు బిగించి ఉన్నవి నేను కొన్ని వందలు చూసి ఉంటాను.

నవ్వు సంగతి. వెనకటి రోజుల్లో పిల్లలను కదలకుండా కూర్చోబెట్టడమే గగనం, ఇక నవ్వు ఎక్కడ నిలుస్తుంది? యుద్ధం తరువాత స్టూడియోల్లోకి వచ్చిన ఎలక్ట్రానిక్ ఫ్లాష్ రెప్పపాటు కన్నా తక్కువ సమయంలో వెలిగి ఆరిపోతుంది. పాప కిలకిలా నవ్వుతున్నా బొమ్మ చెదరదు. అయితే ఫ్లాష్ ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. ఆర్కన్సాలోని హీబర్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్లో మైక్ డిస్ఫార్మర్ అనే ఆయన స్టూడియో నడిపాడు. 1959లో పోయాడు. యుద్ధకాలంలో ఆయన తీసిన రైతు బిడ్డలు ఉతికిన ఓవరాల్స్‌తో, చేతులు వేలాడేసి, సూటిగా మన కళ్లలోకి చూస్తారు. దాదాపు ఎవరూ నవ్వరు. ఆయన వాళ్లను నవ్వమనలేదు, అంతే. ఒకే పేరుతో ఊరూరా ఉండే గొలుసు స్టూడియోల్లో మాకు నవ్వు కావాలి, ఎందుకంటే నవ్వే అమ్ముడుపోతుంది. ఒక్క ఫోటోకు కూపను తెచ్చిన తల్లికి ఆరు చూపించేవాళ్లం. ఆరింటిలోనూ బిడ్డ నవ్వుతుంటే ఏది వద్దనగలదు? కొనని ప్రింట్లను ఆమె ముందు ఏమీ అనకుండా లోపలికి తీసుకెళ్లి చింపేయాలన్నది నేను పనిచేసిన ఒక చోట నియమం. ఒకసారి ఒకావిడ 'పారేసేవే కదా, నాకు ఇవ్వండి' అని అడిగింది. ఇవ్వలేకపోయాను. ఆ రోజు నుంచి ఆ ఉద్యోగం మీద నాకు మనసు విరిగిపోయింది.

ఇక రంగులు. మీ పెట్టెలో బుగ్గలు గులాబీ రంగులో, గౌను లేత నీలంలో, చర్మం కొంచెం మైనంలా కనిపించేవి ఉంటే అవి రంగుల ఫిల్ము మీద తీసినవి కావు. నలుపు తెలుపు ప్రింటు మీద నూనె రంగులు, ఎక్కువగా మార్షల్ కంపెనీవి, అద్దినవి. పుల్లకు దూది చుట్టి, రంగులో ముంచి, బుగ్గ మధ్యలో చుక్క పెట్టి, పొడి దూదితో అంచులు కనిపించకుండా విస్తరించేవారు. కళ్లకు దూది చివర నాలుగు పోగులే. పెదవికి ఒకే ఒక్క తుడుపు, రెండోసారి తుడిస్తే ఫోటోలో మనిషి పోయి గుడ్డ బొమ్మ మిగులుతుందని మా పెద్దావిడ అనేది. ప్రింటు వెనక పెన్సిలుతో రాసిన అక్షరాలు చూడండి: కళ్లు నీలం, జుట్టు లేత గోధుమ, గౌను పసుపు అని ఉంటాయి. రంగులు వేసేవాళ్లు ఆ పాపను ఎన్నడూ చూడలేదు. ఫోటో తీసిన మనిషి రాసి పంపిన ఆ మూడు మాటలే ఆధారం. మగపిల్లవాడికి నీలం, ఆడపిల్లకు గులాబీ అన్న కట్టుబాటు బిగుసుకున్నది కూడా ఆ సంవత్సరాల్లోనే. ఏమీ రాసి లేకపోతే చెయ్యి దానంతట అదే ఆ డబ్బా మీదికి వెళ్లేదట.

ఆ పని చేసినవాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లు, ముక్కకు ఇంతని కూలి. మా పెద్దావిడ తన ఇద్దరు పిల్లలను పొరుగింట్లో వదిలి, రోజంతా ఇతరుల పిల్లల బుగ్గలకు రంగు వేసేది. తల్లి ఇంట్లోనే ఉండే కుటుంబం అన్న బొమ్మను ఇల్లు విడిచి వచ్చిన తల్లులు తయారుచేశారు. 1960 నాటికి పెళ్లైన ఆడవాళ్లలో పదిమందికి ముగ్గురు ఉద్యోగాల్లో ఉన్నారు. ఆమె దగ్గర సొంత పిల్లల స్టూడియో ఫోటో ఒక్కటే ఉండేది. దానికి తనే రంగు వేసుకుంది, వేళ్ల గోళ్లతో సహా.

సంతోషంగా ఉండేవారా అన్న మీ ప్రశ్నకు ఫోటో జవాబు చెప్పలేదు. ఎందుకు తీయించారో మాత్రం చెప్పగలదు. యుద్ధంలో ఎందరో తండ్రులు తమ బిడ్డను మొదటిసారి చూసింది టపాలో వచ్చిన స్టూడియో ఫోటోలోనే. తిరిగొచ్చాక అన్నీ సర్దుకోలేదు. 1946లో విడాకులు అంతకు ముందెన్నడూ లేనంతగా పెరిగాయి. ఆ తరువాత పోలియో. 1952 ఒక్క ఏడాదిలో 58 వేల కేసులు. వేసవిలో చాలా ఊళ్లలో ఈత కొలనులు మూసేసేవారు, సినిమా హాళ్లకు పిల్లలను పంపేవారు కాదు. 1955 ఏప్రిల్ 12న సాల్క్ టీకా పనిచేస్తుందని ప్రకటించేదాకా ఏ తల్లికీ నిద్ర లేదు. పోలియో నిధి సేకరణకు 1946 నుంచి ఏటా ఒక పిల్లవాడి ఫోటోను పోస్టర్ మీద వేసేవారు. ఊతకర్రలతో నిలబడినా శుభ్రమైన బట్టలు, చక్కగా దువ్విన తల, నవ్వు ఉండేవి. మీ పెట్టెలోని పిల్లల చూపూ, ఆ పోస్టర్లలోని చూపూ ఒకటే. వసంతంలో తీయించిన ఫోటోల వెనక బిడ్డ పేరు, నెల, సంవత్సరం మాత్రమే కాక బరువు, ఎత్తు కూడా రాసిన తల్లులున్నారు. ఈ రోజు ఈ బిడ్డ ఇలా నిలబడింది అని రాసి పెట్టుకున్నారు. నాకు ఆ రాతల్లో గొప్పలు కనిపించవు, భయం కనిపిస్తుంది.

మీరు అడగకపోయినా ఇది చెప్పకుండా ఉండలేను. ఆ ఆదర్శం అందరికీ తలుపు తీయలేదు. లెవిట్‌టౌన్‌లో ఇళ్లు నల్లవారికి అమ్మేవారు కాదు. పెన్సిల్వేనియాలోని లెవిట్‌టౌన్‌కు 1957 ఆగస్టులో విలియం, డెయిజీ మైయర్స్ దంపతులు పిల్లలతో వచ్చినప్పుడు గుంపులు చేరి కిటికీలు పగలగొట్టాయి. ఇల్లు దొరకని చోట ఫోటో ఇంకా ముఖ్యమైంది. పిట్స్‌బర్గ్‌లో చార్లెస్ 'టీనీ' హారిస్, వాషింగ్టన్‌లో స్కర్లాక్ కుటుంబం, మిసిసిపీలోని గ్రీన్‌విల్‌లో రెవరెండ్ హెన్రీ క్లే ఆండర్సన్ తీసిన నల్లజాతి పిల్లల ఫోటోలు వెతికి చూడండి. ఇస్త్రీ చేసిన కాలరు, రిబ్బను, మెరిసే బూట్లు. కొడాక్ రంగుల ఫిల్మునూ, ల్యాబులో రంగులు సరిచూసుకునే కార్డునూ తెల్ల చర్మానికే అమర్చారు. ఆ కార్డు మీద ఒక తెల్ల యువతి ఫోటో ఉండేది. తరగతి ఫోటోలో నల్ల పిల్లల ముఖాల్లో కళ్లూ పళ్లూ తప్ప ఏమీ కనిపించక తల్లులు ఫిర్యాదు చేసేవారు. కొడాక్ కదిలింది మాత్రం చాలా ఏళ్ల తరువాత, చాక్లెట్లు, చెక్క సామాను అమ్మే కంపెనీలు తమ సరుకు రంగు సరిగా రావడం లేదన్నాక. పైన చెప్పిన ఫోటోగ్రాఫర్లు నలుపు తెలుపులో అదే చర్మాన్ని ఎంత ఓర్పుగా వెలిగించారో చూస్తే, తప్పు చర్మానిదీ వెలుతురుదీ కాదని తెలుస్తుంది.

1955 ఆగస్టులో మిసిసిపీలో హత్యకు గురైన పద్నాలుగేళ్ల ఎమెట్ టిల్ తల్లి మేమీ, షికాగోలో శవపేటిక తెరిచి ఉంచమంది. పేటిక మూత లోపలి వైపు, అంతకు ముందు క్రిస్మస్‌కు తీసిన కొడుకు ఫోటోలు అతికించింది. టోపీ, టై, చిరునవ్వు. మీ పెట్టెలో ఉండదగిన ఫోటోలే. నా కొడుకు మీ పిల్లల్లాంటివాడే అని చెప్పడానికి ఆ తల్లికి అంతకు మించిన మాట దొరకలేదు.

జపాన్ మూలాలున్న సుమారు 1,20,000 మందిని యుద్ధంలో నిర్బంధించారు. వారిలో లాస్ ఏంజెలెస్ ఫోటోగ్రాఫర్ తోయో మియాతాకే ఒకరు. ఆయన మాంజనార్ శిబిరంలోకి ఒక లెన్సు దాచి తీసుకెళ్లి, చెక్కతో కెమెరా కట్టుకున్నాడు. తరువాత అధికారులు అనుమతి ఇచ్చినా, కొంతకాలం ఆయన అన్నీ అమర్చి పక్కకు జరిగితే, మీట నొక్కేది ఒక తెల్ల ఉద్యోగి. యుద్ధం ముగిశాక లిటిల్ టోక్యోలో మళ్లీ స్టూడియో తెరిచి, శిబిరాల నుంచి వచ్చిన కుటుంబాల ఫోటోలు తీశాడు.

మన సంగతి ఒకటి. 1965 వలస చట్టం తరువాత వచ్చిన తెలుగు కుటుంబాలు కూడా ఈ స్టూడియోలకే వెళ్లాయి. డిపార్ట్‌మెంట్ స్టోరులో తీయించిన పిల్లల ఫోటోలు ఎన్ని గుంటూరు, కరీంనగర్ ముందు గదుల్లో వేలాడుతున్నాయో. మా అబ్బాయి మొదటి పుట్టినరోజు ఫోటో తెనాలిలో మా అమ్మకు పంపాను. నీలం తెర, చెక్క గుర్రం, ఒక్కడే. ఆమె ఉత్తరంలో రెండే ప్రశ్నలు: 'వాడిని ఎవరూ ఒళ్లో కూర్చోబెట్టుకోలేదా? బుగ్గన దిష్టి చుక్క కూడా పెట్టలేదేం?' నా భార్య పెట్టింది. ల్యాబులో అది మచ్చ అనుకుని తుడిచేశారు. మా అమ్మ అడిగిన రెండూ తొలగించినవే. ఆ రోజు నుంచే ఈ ఫోటోల్లో కనిపించని వాటి కోసం వెతకడం మొదలుపెట్టాను.

కాలం తేల్చుకోవడానికి: ప్రింటు ముట్టుకుంటే ప్లాస్టిక్‌లా జారుతుంటే 1968 తరువాతిది. రంగుల ప్రింటు ఎర్రబారిందంటే 1960, 70లది అయివుండే అవకాశం ఎక్కువ. తోక వేలాడే రకూన్ తోలు టోపీ పెట్టుకున్న పిల్లవాడు దాదాపు తప్పకుండా 1955 వాడు, ఆ ఏడు టీవీ పుణ్యమా అని దేశమంతా ఆ టోపీయే. చేత్తో రంగు వేసినవాటిని తడి గుడ్డతో తుడవకండి, రంగు ఊడివస్తుంది. అట్ట ఫోల్డరు నుంచి విడదీయకండి. జిగురు పేజీల ఆల్బంలో పెట్టకండి. వెనక ఏదైనా రాయాలంటే మెత్తని పెన్సిలుతోనే రాయండి.

ఇప్పుడు ఆ వేళ్లు. ఆ ఫోటో ఒక్కటే అట్ట లేకుండా ఉందని, ఎర్ర గోధుమ రంగులో, మసకగా ఉందని రాశారు. అయితే అది ప్రింటు కాదు, ప్రూఫ్. ఏది కావాలో ఎంచుకోవడానికి స్టూడియో తల్లికిచ్చే నమూనా. పసిపిల్ల ఒరిగిపోకుండా తల్లి తెర పక్కన వంగి, చెయ్యి చాచి పట్టుకునేది. అసలు ప్రింటులో ఆ వేళ్లు కోడిగుడ్డు ఆకారపు అట్ట అంచు కింద దాగిపోతాయి, లేదా నెగెటివ్ మీద చెరిపేస్తారు. ప్రూఫ్‌లో ఏదీ చెరపరు. మీ పెట్టెలో ఒక తల్లి కనిపించేది ఆ రెండు వేళ్లలోనే.

ప్రూఫ్ కాగితం వెలుతురు తగిలేకొద్దీ నల్లబడిపోతుంది. డబ్బు కట్టకుండా దాన్నే ఉంచేసుకోకూడదని స్టూడియోలు ఆ కాగితమే వాడేవి. గోడకు తగిలిస్తే కొన్నాళ్లకే బొమ్మ మిగలదు. డెబ్బై ఏళ్ల తరువాత కూడా మీకు పాప ముఖం, ఆ వేళ్లు కనిపిస్తున్నాయంటే, ఎవరో దాన్ని ఇన్నేళ్లూ చీకట్లో దాచారు. స్కానరులో పెట్టకండి. కిటికీ తెరలు వేసి, మసక వెలుతురులో ఫోనుతో ఒక్క ఫోటో తీసుకుని, నల్ల కాగితంలో చుట్టి మళ్లీ పెట్టెలో పెట్టేయండి.